కొత్త ఫాంటు వద్దు, ఉన్నదాన్ని పూర్తి చేయించండి: సమాచార పౌర సంబంధాల శాఖలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సమాచార పౌర సంబంధాల శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం. నేను విజయవాడలో పోస్టర్లు, కరపత్రాలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే వృత్తిలో ఉన్నవాణ్ణి. పతాక శీర్షికలకూ పోస్టర్లకూ వాడే లావుపాటి తెలుగు అక్షరాల గురించి, అంటే మా వ్యవహారంలో హెడ్డింగ్ ఫాంట్ల గురించి, మీకు ఒక విన్నపం చేసుకోవడానికి ఈ లేఖ రాస్తున్నాను. గోడ మీదా, బస్సు మీదా, పత్రిక మొదటి పేజీలోనూ తెలుగును పెద్ద అక్షరాల్లో రాయించేవారిలో ప్రభుత్వాలది ముందు వరస కనుక, ఈ మాట మొదట మీకే చెప్పాలనిపించింది. విన్నపం ఇది: ఏదో ఒక ఉత్సవ వేదిక మీద మరో కొత్త తెలుగు ఫాంటును విడుదల చేసే ఆలోచన ఉంటే దయచేసి దాన్ని పక్కన పెట్టండి. అందరికీ ఉచితంగా దొరుకుతున్న హెడ్డింగ్ ఫాంట్లలో ఒకటి రెండింటిని ఎంచుకొని, వాటిలో మిగిలిపోయిన పనిని డబ్బిచ్చి పూర్తి చేయించండి. ఆ తర్వాత వాటి బాగోగులు చూసే ఏర్పాటు కూడా చేయండి.

ఈ విషయంలో అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలు నిర్ణయించే యూనికోడ్ కన్సార్షియంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో సభ్యత్వం తీసుకుంది. ఆ తర్వాతి ఏళ్లలో సిలికానాంధ్ర సంస్థ పూనికతో, పురుషోత్ కుమార్ గుత్తుల తదితరులు రూపొందించిన తెలుగు ఫాంట్లు వరసగా వెలువడి గూగుల్ ఫాంట్స్‌లో చేరాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన, శ్రీకృష్ణదేవరాయ అన్న పేర్లను ఒకచోట చూస్తే భువనవిజయమంతా ఫాంట్ల జాబితాలో కొలువుదీరిందా అనిపిస్తుంది. గిడుగు, గురజాడ పేర్లతో పాటు సురవరం పేరూ అందులో ఉంది కనుక ఇవి ఫలానా రాష్ట్రానివి అని ఎవరూ గిరి గీయలేరు. వీటిలో ప్రత్యేకంగా పోస్టర్లకూ శీర్షికలకూ గీసినవి ఉన్నాయి. రామభద్ర ఒకటి, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంతో సాగే గీతలు, గుండ్రంగా తిరిగే కొసలు దాని లక్షణం. రవి ప్రకాష్ ఇంకొకటి. లావుగా, అలంకారంగా, కొంచెం ఆటవిడుపుగా కనిపించే అక్షరం. రెండూ 2013 నాటివి, రెండూ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైనవి. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా వాటిని వాడుకోవచ్చు, పంచవచ్చు, మార్చవచ్చు. విడిగా ఫాంటునే సరుకుగా పెట్టి అమ్మకూడదు. పేరును ప్రత్యేకించుకున్న ఫాంటును మారిస్తే మాత్రం కొత్త పేరు పెట్టాలి. అంటే నేను కోరుతున్న పనికి చట్టపరంగా ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

ఇక మిగిలిపోయిన పని అంటున్నది ఏమిటో చెప్పాలి. హెడ్డింగ్ ఫాంటుకు పరీక్ష పెట్టడానికి మీ శాఖలు ప్రచారం చేసే పథకాల పేర్లే చాలు. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణ పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి అని, తెలంగాణలో మహాలక్ష్మి అని పేర్లు. అక్షరాలు గీసేవాడికి ఈ రెండింటికంటే గట్టి పరీక్ష వెతికినా దొరకదు. ‘స్త్రీ’లో పైన గుడి దీర్ఘం, మధ్యలో స, కింద త వత్తు, దాన్ని చుట్టుకొని క్రావడి. సన్నని అక్షరంలో ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాయి. గీత మందం పెరిగేకొద్దీ వాటి మధ్య ఖాళీ తరిగిపోయి, ఒక హద్దు దాటాక త వత్తూ క్రావడీ కలిసి ఒకే నల్లటి ముద్దగా మారతాయి. ‘క్ష్మి’లో క్ష అన్నదే ఒక కట్టు, దాని కిందకు మ వత్తు రావాలి, పైన గుడి నిలవాలి. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక లేని సొంత రూపాలు ఉంటాయని మీకు తెలుసు. ఆ రూపాలను మందపాటి గీతలో విడిగా, ఏ అక్షరం కింద పడితే ఎలా ఒదగాలో చూసుకుంటూ గీయాలి. మామూలు వత్తునే చిన్నది చేసి కింద పెడితే అది పైనున్న అక్షరం కంటే సన్నగా తేలిపోయి, వేరే ఫాంటు నుంచి ఎరువు తెచ్చినట్లు కనిపిస్తుంది. ప్రభుత్వ ప్రకటనల్లో బహుశా అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మాట ‘రాష్ట్ర’. అందులోని ‘ష్ట్ర’ కూడా ఈ కోవలోదే. ఇంగ్లీషు శీర్షికకు 26 పెద్దక్షరాలు, 26 చిన్నక్షరాలు, అంకెలు గీస్తే చాలావరకు పని అయిపోతుంది. తెలుగులో ఒక్కో హల్లుకు గుణింతమంతా, ఆ పైన వత్తులూ, వత్తు మీద వత్తూ ఉంటాయి కనుక, కనిపించినంతవరకు గీసి ఇక చాలనుకుంటే పోస్టరు వేసే రోజున ఏదో ఒక మాట దగ్గర బండారం బయటపడుతుంది.

సంయుక్తాక్షరాల మాట అలా ఉంచితే, ఒంటరి అక్షరాల్లోనూ చిక్కు ఉంది. ధ, థ అక్షరాలకు తేడా లోపలి చుక్క. ద, ధలకు తేడా కింది చిన్న గీత. ప, షలకు తేడా పొట్టలోని చిన్న మెలిక. ఇవన్నీ లావు చేసినప్పుడు మొట్టమొదట పూడుకుపోయే చోట్లే. కథల పోటీ పోస్టరు మీద ‘కథ’ కాస్తా ‘కధ’గా కనిపిస్తే దూరం నుంచి చూసేవారు డిజైనరుకు అక్షరాలు రావనుకుంటారు, నిజానికి చుక్క అక్కడే ఉంది, సిరా దాన్ని మింగేసింది. ‘వీధి దీపాలు’ అన్న శీర్షికలో గుడి దీర్ఘం చివరి మెలిక మూసుకుపోతే అది ‘విధి దీపాలు’ అవుతుంది. ఎత్వం, ఏత్వాల మధ్య, ఒత్వం, ఓత్వాల మధ్య ఉన్న తేడా కూడా ఇంతే సన్ననిది. కంప్యూటరు తెర మీద పెద్దగా చేసి చూసినప్పుడు ఈ లోపం బయటపడదు. ఫ్లెక్సీ మీద ముద్రించి, నాలుగు రోడ్ల కూడలిలో కట్టి, స్కూటరు మీద వెళ్తూ చదివితే తెలుస్తుంది. హెడ్డింగ్ ఫాంటును పరీక్షించాల్సింది అక్కడ. ఈ పరీక్ష చేయించే స్తోమత విడి డిజైనర్లకు లేదు, మీకు ఉంది.

బరువుల సంగతి, అంటే ఒకే ఫాంటును సన్నం నుంచి లావు దాకా వేర్వేరు మందాల్లో గీయడం, మరో పెద్ద లోటు. రామభద్ర గానీ రవి ప్రకాష్ గానీ ఒకే ఒక్క బరువులో ఉన్నాయి. శీర్షిక ఇంకొంచెం లావుగా కావాలని పైవారు అడిగితే మా దగ్గర ఆపరేటర్లు చేసేది ఏమిటంటే, అక్షరం చుట్టూ అదే రంగులో ఔట్‌లైన్ వేస్తారు. ఔట్‌లైన్ బయటికి పెరిగినంతే లోపలికీ పెరుగుతుంది కనుక పైన చెప్పిన చుక్కలూ మెలికలూ అక్కడితో సరి. వెబ్‌సైట్లలోనూ ఇదే జరుగుతుంది: ఫాంటులో బోల్డ్ లేనప్పుడు బ్రౌజరు తానే దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. పొడుగు మాటలతో మరో ఇబ్బంది వస్తుంది. తెలుగు అక్షరం అడ్డంగా విస్తరించేది, మాటలూ పొడుగు. ‘సంక్షేమ వసతిగృహాల ఆధునికీకరణ’ అన్న శీర్షికను ఒక వరసలో పట్టించాలంటే ఆపరేటరు దాన్ని పట్టుకొని పక్కల నుంచి నొక్కేస్తాడు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం మునుపటి మందంలోనే ఉంటాయి; సున్న గుడ్డులా మారుతుంది. మీ ప్రకటనల్లో అక్షరాలు ఎందుకో పీక్కుపోయినట్లు కనిపించినప్పుడు దాని వెనక జరిగింది ఇదే. ఇరుకు వెడల్పులో అక్షరాన్ని మళ్లీ గీయడం ఒక్కటే దీనికి మందు. ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ 2022లో తెచ్చిన అనేక్ తెలుగు ఫాంటులో బరువుతో పాటు వెడల్పును కూడా కోరినంతగా సర్దుకునే వీలుంది. వాళ్లదే బాలూ తమ్ముడు 2 అనే మరో ఫాంటు గుండ్రటి బొద్దు అక్షరాలతో, మామూలు నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ దాకా 5 బరువుల్లో ఉంది. ఇవీ ఉచితమే, ఇవీ అదే లైసెన్సు కింద ఉన్నాయి. తెలుగులో ఈ పని సాధ్యం కాదని ఎవరైనా అంటే ఈ రెండింటినీ చూపించవచ్చు. అయితే అవి అనేక భారతీయ లిపులకు ఒక్క పోలికలో కుదిరేలా తీర్చినవి. మన గోడల మీద, మన సినిమా పోస్టర్ల మీద పెరిగిన తెలుగు లావు అక్షరానికి సొంత నడక ఒకటి ఉంది. దాన్ని పట్టుకున్న ఫాంటు కూడా ఇన్ని బరువుల్లో ఉండాలన్నది నా కోరిక.

ఆ సొంత నడక సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫ్లెక్సీ యంత్రాలు రాకముందు బోర్డులూ గోడలూ రాసిన ఆర్టిస్టుల చేతి పనిని ఇప్పటికీ పాత దుకాణాల మీద చూడవచ్చు. శీర్షిక రెండు వరసల్లో వస్తే, పై వరసలోని వత్తు కింది వరసలోని తలకట్టును ఎక్కడ గుద్దుకుంటుందో వాళ్లు సుద్దముక్కతో గీసుకున్నప్పుడే చూసుకునేవారు. వత్తును కొంచెం కుడికి జరిపి కింది వరసలోని రెండు అక్షరాల మధ్య సందులోకి దించేవారు, లేదా కింది అక్షరం తలకట్టును కాస్త వంచి చోటు ఇచ్చేవారు. అవసరమైతే వత్తు తోకను సాగదీసి పక్క అక్షరం కింద పరుపులా పరిచేవారు. ఆ నేర్పు వల్ల వరసలు దగ్గరదగ్గరగా, ఒక దిమ్మలా నిలిచేవి. ఫాంటుకు పక్కన ఏముందో, కింద ఏముందో చూసే కన్ను దానంతట రాదు. ఫలానా అక్షరం పక్కన ఫలానా వత్తు వస్తే ఫలానా రూపం వాడాలని గీసేవారు ముందే నిబంధనలు రాసి పెట్టాలి. ఓపెన్‌టైప్ పద్ధతిలో అందుకు కావలసిన సదుపాయమంతా ఉంది. కావలసింది ఓపిక, కూలి. ఆ కూలిని ఇవ్వమనే మిమ్మల్ని అడుగుతున్నాను. బ్రష్షు పట్టిన ఆర్టిస్టులు కొందరైనా ఇంకా మన మధ్య ఉన్నారు కనుక, ఆ నిబంధనలు రాసేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టి, గౌరవ వేతనం ఇచ్చి, పై వరస కింది వరసను గుద్దుకునే చోట్ల వాళ్లు ఏం చేసేవారో గీయించుకోవచ్చు. వాళ్ల చేతిలో ఉన్న ఆ జ్ఞానాన్ని ఎవరైనా కాగితం మీదికి తెచ్చినట్లు నేను చూడలేదు.

ఉచిత ఫాంట్లు ఇన్ని ఉండగా ఫ్లెక్సీ దుకాణాలు ఇంకా అను ఫాంట్లనే ఎందుకు పట్టుకొని వేలాడుతున్నాయని మీరు అడగవచ్చు. ఇందులో ఆపరేటర్ల తప్పు తక్కువ. చాలాచోట్ల నేటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరే నడుస్తోంది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి వెర్షన్, దానికి యూనికోడ్ తెలియదు. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గడుల్లో దాచి ఉంచుతారు కాబట్టి ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో కూడా అవి చక్కగా కనిపిస్తాయి. వాటిలో శీర్షికల కోసం గీసిన రకరకాల అక్షరాలు ఉన్నాయి, ఆపరేటరు చేతివేళ్లకు ఆ కీబోర్డు అలవాటైపోయింది. యూనికోడ్‌కు మారదామని ఫోటోషాప్ పాత వెర్షన్ తెరిచినవాడికి, దక్షిణాసియా లిపులను పేర్చే ఎంపికను సెట్టింగుల్లో ముందుగా పెట్టుకోకపోతే, వత్తులు విడిపోయి ‘స్‌త్‌రీ’ అని దర్శనమిస్తుంది. ఇన్‌డిజైన్‌లోనూ వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోకపోతే అంతే. ఒకసారి అలా దెబ్బ తిన్న ఆపరేటరు యూనికోడ్ ఫాంట్లే పనికిమాలినవని తీర్మానించుకొని పాత దారికి వెళ్లిపోతాడు. ఆ పాత దారికి చెల్లించే మూల్యం మాత్రం చదివేవాళ్ల మీద పడుతుంది. ఆ పోస్టరు పీడీఎఫ్ నుంచి శీర్షికను కాపీ చేస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి, వెతికితే దొరకదు, చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. పింఛను దరఖాస్తు గడువు చెప్పే ప్రకటన ఆ పింఛను అందుకోవాల్సిన అంధుడికే వినిపించకపోవడం ఎంత అన్యాయమో మీకు వివరించనక్కర్లేదు. అచ్చుకు పంపేముందు ఫైలును కర్వ్స్‌గా, అంటే అక్షరాలను వట్టి బొమ్మలుగా, మార్చడం మాకు తప్పనిసరి, అది వేరే సంగతి; ప్రజలకు ఇచ్చే ప్రతిలోనైనా అక్షరం అక్షరంగా ఉండాలి.

కాబట్టి ఈ పని చేయించాలని మీకు అనిపిస్తే, టెండరులో అతి తక్కువ ధర పలికినవారికి అప్పగించి చేతులు దులుపుకోకండి. ముందుగా ఒక పరీక్షా పత్రం తయారు చేయించండి. అందులో రెండు రాష్ట్రాల జిల్లాల, మండలాల పేర్లు, పథకాల పేర్లు, శాఖల పేర్లు, పత్రికల్లో నిత్యం కనిపించే ఇంగ్లీషు మాటల తెలుగు రూపాలు అన్నీ ఉండాలి. ‘ట్రాన్స్‌ఫార్మర్’, ‘ఇన్‌ఫ్రాస్ట్రక్చర్’ లాంటి మాటల దగ్గరే హెడ్డింగ్ ఫాంట్లు ఎక్కువగా చతికిలబడతాయి. రూపాయి గుర్తు ప్రతి బరువులోనూ ఉండాలి. ఆ గుర్తు 2010లో వచ్చింది, అంతకు ముందు గీసిన పాత ఫాంట్లను ఇప్పటికీ వాడేవాళ్లు ‘రూ.’తో కాలక్షేపం చేస్తున్నారు. ఈ పత్రాన్ని ఎంచుకున్న ప్రతి బరువులోనూ ఫ్లెక్సీ మీద, న్యూస్‌ప్రింట్ మీద, ఫోను తెర మీద వేయించి, వృద్ధులతోనూ బడిపిల్లలతోనూ చదివించి, ఎక్కడ తడబడ్డారో రాయించండి. చేతికొచ్చిన ఫాంటు మూల ఫైళ్లను, కేవలం వాడుకునే ఫైలును కాదు, అందరికీ అందుబాటులో పెట్టాలని ఒప్పందంలోనే రాయించండి.

నిర్వహణ గురించి ఒక మాట. యూనికోడ్ తెలుగు పట్టికలో కొత్త అక్షరాలు ఇప్పటికీ చేరుతున్నాయి. ఉదాహరణకు పాత రాతల్లో పొల్లు నకారానికి వాడిన గుర్తు, నకారప్పొల్లు, 2021లో చేరింది. పోస్టరు మీద నకారప్పొల్లు రాయించే అవసరం మీకు రాదనే అనుకుంటాను, కానీ 2013లో విడుదలై ఊరుకున్న ఫాంటుకు ఆ తర్వాత వచ్చిన మార్పులేవీ తెలియవు. డిజైన్ సాఫ్ట్‌వేర్లు మారినప్పుడూ ఎక్కడో ఒక వత్తు జారుతుంది. అటువంటివి చెప్పుకోవడానికి ఒక చోటు, చెప్పినవాటిని సరిచేయడానికి ఏటా ఒక చిన్న మొత్తం ఉంటే చాలు. పెద్ద ఎత్తున విడుదల చేసిన తర్వాత ఆ ఊసే ఎత్తకపోవడం కంటే ఈ చిన్న మొత్తం ఎక్కువ మేలు చేస్తుంది.

ఒక పక్క మాట చెప్పి ముగిస్తాను. పరీక్షలో నెగ్గిన ఫాంటు ఎంత బాగున్నా దాన్ని అన్నిచోట్లా వాడమని ఆదేశాలు ఇవ్వకండి. ఆటవిడుపుగా తిరిగే లావు అక్షరం బోనాలకో సంక్రాంతి సంబరాలకో శోభనిస్తుంది. అదే అక్షరంతో తుపాను హెచ్చరిక వేస్తే జనం దాన్ని ఏ సర్కసు ప్రకటనో అనుకుంటారు, సంతాప సందేశం వేస్తే నవ్వుతారు. తుపాను హెచ్చరికకు, వ్యాధి నివారణ ప్రచారానికి లావుగా ఉంటూనే నిటారుగా, హుందాగా నిలిచే అక్షరం వేరే కావాలి. అందుకే మొదట్లోనే ‘ఒకటి రెండు’ ఫాంట్లు అని రాశాను; ఒకటి పండుగకు, ఒకటి పనికి.

రెండు శాఖలూ కలిసి కూర్చుంటే ఖర్చు సగమవుతుంది, లిపి ఒకటే కదా. ఈ విన్నపం పరిశీలనకు నోచుకుంటే, టెండరు పిలవడానికి ముందుగా ఆ పరీక్షా పత్రం ముసాయిదాను ప్రజల ముందు పెట్టి, డిజైనర్లు, ప్రెస్సులవాళ్లు, బోర్డు ఆర్టిస్టులు, చూపు లేనివారి సంఘాలు అందులో మాటలు చేర్చడానికి ఒక నెల గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మా దుకాణంలో ఇన్నాళ్లుగా చెడిపోయిన శీర్షికల నుంచి ఏరి పెట్టుకున్న మాటల చిట్టా ఒకటి నా దగ్గర ఉంది. ఆ ముసాయిదాకు దాన్ని జతచేయడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విజయవాడకు చెందిన ఒక పోస్టరు డిజైనరు